మూడో సాలు

మొవ్వు పోయిన మొక్క ఒక లెక్క, ఆకు పోయిన మొక్క ఇంకో లెక్క. ఆకు కొరికితే క్యాబేజీ పది రోజుల్లో తేరుకుంటుంది. మొవ్వు కొరికితే ఇక గడ్డ కట్టదు. నీళ్ళు పోసినా, ఎరువు వేసినా, పక్కన కూర్చుని బతిమాలినా అంతే. అందుకని ఆదివారం పొద్దున్నే చేలోకి దిగిన తక్కెడమ్మ ఏడుపు మొహం పెట్టలేదు. చొక్కా చేతులు పైకి మడుచుకుని, చెరువు ఒడ్డు పక్క సాలుతో మొదలుపెట్టి, ఒక్కో సాలు వెంట వంగి నడిచింది. ఎడమచేత్తో ఆకులు విప్పి చూడటం, మొవ్వు ఉంటే వదిలెయ్యడం, లేకపోతే కుడిచేతి వేలితో పక్క మట్టిలో గీత గీయడం.

ఆ పేరు ఆమెకి బండి మీద వచ్చింది. ఇరవై ఏళ్ళు కూరగాయల బండి తోసిన మనిషి. చేత్తో తీసిన టమాటాలు తక్కెడలో వేస్తే ముల్లు అటూ ఇటూ ఊగకుండా నడిమధ్య నిలబడేదని చెప్పుకునేవాళ్ళు. బండి అమ్మేసి ఈ చేను కౌలుకి తీసుకుని ఇది మూడో ఏడు. భర్త లారీ మీద తిరుగుతూ పది రోజులకోసారి ఇంటి మొహం చూస్తాడు. చేలో పనికి మరిది, అత్త, తను.

"ఎన్నో వదినా?" అని అరిచాడు మరిది, పంపుషెడ్డు దగ్గర నుంచి.

"నలభై సాళ్ళలో పదకొండు పోయాయి."

"పదకొండేనా! నేను సగం పోయిందనుకున్నా."

"నువ్వు ఎప్పుడూ సగం అనే అనుకుంటావు. పిల్లని చూడ్డానికెళ్ళినా సగమే చూసొస్తావు."

అత్త గట్టు మీద కూర్చుని కిసుక్కున నవ్వింది. ఆవిడ మోకాళ్ళు అరిగిపోయాయి కానీ చెవులూ నోరూ కొత్తవాటిలాగే ఉన్నాయి.

అప్పుడే ఫిరంగి పేలింది. నిజం ఫిరంగి కాదు. గ్యాసు సిలిండరుకి తగిలించిన పొడుగాటి గొట్టం, పావుగంటకోసారి దానంతటదే ఢామ్మంటుంది. రైతు సంఘం ప్రెసిడెంటు చేను తక్కెడమ్మ చేను పక్కనే ఉంది. ఫిరంగి ఆయన చేను అవతలి కొసన ఉంది, మూతి మాత్రం ఇటు తిప్పి ఉంది. అది పేలినప్పుడల్లా ఆయన బఠాణీలో మేసే అడవి పెద్దబాతులు రెండు వందలకు పైగా, బూడిదరంగు మెడలు చాచుకుని, రెక్కలు టపటపలాడిస్తూ ఇటు వచ్చి పడతాయి. ఆమె క్యాబేజీలోకి.

ఆమె కూడా చేతులు కట్టుకుని కూర్చోలేదు. పొడుగాటి కర్రలకి మెరిసే రిబ్బన్లు కట్టింది. పాత క్యాసెట్టు టేపు గాలికి బుయ్యిమనేలా ఆ కొస నుంచి ఈ కొసకి లాగింది. మరిది చొక్కా తొడిగి దిష్టిబొమ్మ నిలబెట్టింది. "నాకంటే దానికే బాగుంది వదినా" అని మరిది ముచ్చటపడ్డాడు. బాతులకీ బాగానే ఉన్నట్టుంది, దాని నీడలో కూర్చుని ఈకలు దువ్వుకుంటున్నాయి.

ఆ మధ్యాహ్నం సంఘం మీటింగు పెట్టారు. కూరగాయలు పెట్టెలకెత్తే రేకుల షెడ్డులో, ఒకే ఒక్క ఫ్యాను కింద, ఖాళీ పెట్టెలు బోర్లించుకుని అందరూ కూర్చున్నారు. ఫ్యాను గాలి ప్రెసిడెంటు ఒక్కడికే తగిలేలా పెట్టె వేశారు.

"ఎవరి మీదా కక్ష లేదమ్మా" అని మొదలెట్టాడాయన. అలా మొదలెట్టగానే తక్కెడమ్మకి విషయం తన గురించేనని అర్థమైపోయింది. "పక్షుల శాఖ వాళ్ళు ఒక దారి చూపించారు. ఒడ్డు మీద ఒక్క చేను బాతులకి వదిలేస్తే, మిగతా చేలకి అవి రావు. దాన్ని మేత చేను అంటారు. మూడేళ్ళు అందులో సాగు చెయ్యకూడదు. చేను సొంతదారుకి సర్కారు నష్టపరిహారం ఇస్తుంది. ఒడ్డు పక్క ఏ చేలో పంట సగానికి మించి పోయిందో, ఆ చేనే మేత చేను. గురువారం ఆఫీసరు వచ్చి లెక్క కడతాడు. పేర్లు లేవు, నియమం అందరికీ ఒకటే."

"సొంతదారుకి పరిహారం. మరి కౌలుదారుకి?"

"కౌలుదారు ఇంకో చేను చూసుకుంటాడు. మీ సొంతదారుతో మాట్లాడాను. ఆయన సరేనన్నాడు."

ఇంకో చేను అన్న మాట ఆయన నోట్లోంచి ఇంకో చొక్కా అన్నంత తేలిగ్గా వచ్చింది. రాళ్ళు ఏరి, గట్లు వేసి, రెండేళ్ళు మట్టిని మంచి చేసుకుని, మూడో ఏడు కాస్త నవ్వుతూ పంట పెడుతున్న నేల అది.

వెనక పెట్టె మీద నుంచి బఠాణీ వేసిన ఇంకో రైతు పళ్ళికిలించాడు. "బాతులకి క్యాబేజీ ఇష్టమని తెలిసే వేశావా తక్కెడమ్మా?"

"తెలుసు. మీ చెల్లెలి పెళ్ళికి నా బండి మీద నుంచి ఊరికే పట్టుకెళ్ళిన క్యాబేజీ మీరూ ఇష్టంగానే తిన్నారు."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వు తగ్గేలోపే ఆమె ప్రెసిడెంటు వైపు తిరిగింది. "ఫిరంగి మూతి నా వైపెందుకుంది?"

"ఎటో ఒకవైపు ఉండాలి కదమ్మా."

"సరే. గురువారం దాకా టైముంది కదా. ఇప్పటికి పదకొండు సాళ్ళు పోయాయి. సగానికి మించాలంటే ఇంకో పది పోవాలి. రాసిపెట్టుకోండి."

"నాలుగు రోజుల్లో పది సాళ్ళు బాతులకెంతమ్మా!" అని ఆయన జాలిగా తలూపాడు. ఆయన లెక్క తప్పేం కాదు. ఒక్కోరోజు మూడేసి సాళ్ళు పోతున్నాయి.

*

అమ్మకంలో ఆమె నేర్చుకున్నది ఒకటుంది. బేరం కుదరనప్పుడు నోరు మూసుకుని ఎదుటివాడి చేతులు చూడాలి. సోమవారం పొద్దున ఆమె ఏ పనీ పెట్టుకోలేదు. రిబ్బన్లు సరిచెయ్యలేదు, డబ్బా మోగించలేదు. ఖాళీ పెట్టెలు మూడు చేని మధ్యలో పేర్చి, వాటి వెనక గోనె పరుచుకుని బోర్లా పడుకుంది. రెండు పెట్టెల మధ్య సందులోంచి చూస్తూ ఉంది.

బాతులు నీళ్ళలోంచి తుంగ చీల్చుకుని వచ్చాయి. ముందు ముసలిదొకటి వచ్చి మెడ నిక్కించి నాలుగు వైపులా చూసింది. తర్వాత పెద్దవీ, వాటి మధ్య పసుపు వన్నె ఇంకా వదలని పిల్లలూ, వరసగా బయటికొచ్చాయి. ఎప్పుడూ అవే రెండు చోట్ల నుంచి. తుంగ నలిగి అక్కడ బాట పడిపోయింది. ఇన్నాళ్ళూ పొద్దున చేలోకి వచ్చేసరికి అవి చేలో ఉండేవి కాబట్టి పైనుంచి దిగాయనుకుంది. అందరూ అదే అనుకున్నారు.

ఫిరంగి పేలింది. మందంతా ఒక్కసారి రెక్కలు విప్పింది. ఇప్పుడు లేస్తాయి అనుకుంది తక్కెడమ్మ. ఒక్కటీ లేవలేదు. ఇన్నాళ్ళూ దూరం నుంచి ఎగిరినట్టు కనిపించింది పరుగే. రెక్కలు టపటపలాడిస్తూ, పాదాలతో మట్టి తన్నుకుంటూ, పెళ్ళిలో భోజనాలు పిలిచినప్పటి జనంలా పరుగెత్తాయి. ఆమెకి పది బారల దూరంలో ఆగాయి. ఆ దగ్గరలో ఆమె వాటి రెక్కలు చూసింది. పొడుగాటి ఈకలు ఉండాల్సిన చోట మొండి కాడలు, వాటి చివర బుడిపెల్లాంటి కొత్త మొలకలు.

లేచి గోనె దులుపుకుని ఒడ్డుకి వెళ్ళింది. తుంగ మొదట్లో, బురదలో, నీటి అంచున, జానెడూ మూరెడూ ఈకలు. దోసెడు ఏరి అత్త ఒళ్ళో పోసింది. ఆవిడ టీ ఫ్లాస్కు మూత తిప్పుతూ వాటి వంక చూసింది.

"రెక్కల ఈకలే ఇవి. మా పుట్టింట్లో బాతులకి ఏడాదికోసారి ఇలాగే రాలేవి. ఒక్కసారే, అన్నీ. కొత్తవి మొలిచేదాకా నెల్లాళ్ళు పైకి లేవలేవు. గోడ ఎక్కడానికి కూడా చేతకాదు. పిల్లలకెలాగూ ఇంకా రెక్కలు రాలేదు."

"నెల్లాళ్ళా?"

"నెల్లాళ్ళు. ఏం, నువ్వు బాతువైతే పదిరోజుల్లో మొలిపించుకుంటావా?"

తక్కెడమ్మ కర్రల మీద రిబ్బన్ల వంక చూసింది. ప్రెసిడెంటు చేలో ఎగురుతున్న గద్ద గాలిపటం వంక చూసింది. అవతలి చేలల్లో కట్టిన అద్దాలూ, పళ్ళేలూ చూసింది. చుట్టుపక్కల వాళ్ళంతా ఆకాశానికి కాపలా కాస్తున్నారు. దొంగలు కాలినడకన వస్తున్నారు.

"మరిదీ" అంది. "టమాటాకి పాతిన ఊతకర్రలు ఎన్నున్నాయి మన దగ్గర?"

"నూటయాభై. ఏం?"

"పెట్టెలు కట్టే పురికొస?"

"రెండు ఉండలు."

"పట్రా. ఆ దిష్టిబొమ్మ మీద చొక్కా కూడా విప్పి తొడుక్కో. నీకే బాగుంటుంది."

కర్రలు ఎక్కడ పాతాలన్నది మొదటి లెక్క. నీటి అంచున పాతితే చేను మొత్తం లోపల ఉంటుంది. కానీ ఆ గట్టు సంఘానిది. సంఘం గట్టు మీద కర్ర పాతావని సాయంత్రానికల్లా పీకించేస్తారు. చేని అంచున పాతినా సరిహద్దు గొడవ పెడతారు. ఆమె నీటి పక్క రెండు సాళ్ళు దాటి లోపలికి వచ్చింది. అక్కడ మడమతో నేల మీద కొట్టింది.

"ఇక్కడ."

"రెండు సాళ్ళు బయటికి పోతాయి వదినా!"

"అవి పోయినవే. వాటిలో మొవ్వులు లేవు, ఆకులే ఉన్నాయి. మిగతావాటిలో మళ్ళీ నారు పెట్టుకోవచ్చు. వచ్చినవాడికి గుమ్మం దగ్గర ఏదో ఒకటి పెడితే లోపలికి తొంగిచూడడు."

మరిది గునపంతో బెజ్జం వేస్తే ఆమె కర్ర దించి రాయితో కొట్టింది. అత్త గట్టు దిగి, కర్రల వెంట దేక్కుంటూ ముడులు వేసింది. నీటి పక్కంతా అయ్యాక, ప్రెసిడెంటు చేనికీ తమ చేనికీ మధ్య కూడా, తమవైపు బెత్తెడు లోపలికి, కొస నుంచి కొసకి కట్టారు. అవతలి పక్క పంపుషెడ్డు గోడ ఎలాగూ ఉంది. మోకాలెత్తున ఒక్క పురికొస. చూడ్డానికి బట్టలారేసుకునే దండెంలా ఉంది.

ప్రెసిడెంటు ట్రాక్టరు మీద పోతూ ఆపాడు. "ఏం తక్కెడమ్మా, బాతులతో గెంతులాటా?"

"మీరు కూడా వస్తారా ప్రెసిడెంటుగారూ?"

ఆయన నవ్వుకుంటూ పోయాడు. సాయంత్రం బాతులు తాడు దగ్గరికొచ్చి ఆగాయి. మెడలు సాచి చూశాయి. మరిది చప్పట్లు కొట్టబోతుంటే ఆమె చెయ్యి పట్టుకుంది. అంతలో ఒక పిల్ల తాడు కిందనుంచి దూరి లోపలికి వచ్చేసింది. దాని వెనక ఇంకొకటి. పిల్లలు లోపల, తల్లులు బయట. ఒకటే గోల. చివరికి ఒక తల్లి తల వంచి రొమ్ముతో తాడు నెట్టుకుంటూ కిందుగా వచ్చింది. అది చూసి మందంతా వచ్చింది. ఆ సాయంత్రానికి పోయిన సాళ్ళు పదమూడయ్యాయి.

మరిది గునపం విసిరేశాడు. "ఇక చాల్లే వదినా. వాళ్ళిచ్చే ఇంకో చేనేదో తీసుకుందాం."

"ఎవరిచ్చారు నీకు ఇంకో చేను? చూపించు, వెళ్దాం." అతను వెళ్ళి గునపం తెచ్చుకున్నాడు. ఆమె లోపలికి దూరిన పిల్ల ఎంతెత్తుందో జానతో గాలిలో కొలిచింది. "తప్పు తాడుది కాదు, నాది. పెద్దవాటికి కట్టాను. దారి తీసేది పిల్లలు. పిల్లలెక్కడికి పోతే తల్లులక్కడికి. జానెడెత్తున ఇంకో వరస కట్టాలి."

*

మంగళవారం తెల్లవారగానే కట్టడం మొదలెట్టి, ఎండ ఎక్కేలోపు పూర్తిచేశారు. కింది తాడుకి పాత ప్లాస్టిక్ సంచులు చీలికలు చేసి వేళ్ళాడదీశారు. బాతులు వచ్చాయి. పిల్లలు తాడుకి ముక్కులానించి వెనక్కి తగ్గాయి. తల్లులు మెడ వంచి చూశాయి, మెడ ఎత్తి చూశాయి. ఎగిరే రోజుల్లో అయితే దాన్ని లెక్కే చెయ్యవు. ఇప్పుడు రెండు పురికొసలు వాటికి కోటగోడ. కాసేపు అటూ ఇటూ నడిచి, బయటున్న రెండు సాళ్ళ మీద పడ్డాయి. అవయ్యాక ఒడ్డు మీద గడ్డి. అదయ్యాక తాడు వెంట బారుగా నడుచుకుంటూ ప్రెసిడెంటు బఠాణీలోకి వెళ్ళిపోయాయి.

పావుగంటకి ఫిరంగి పేలింది. మంద అలవాటు ప్రకారం ఇటు పరుగెత్తింది, సరిహద్దు తాడు దగ్గర ఆగింది. ముందున్నవి ఆగితే వెనకవి వాటి మీద పడ్డాయి. అక్కడ నిలబడ్డవి నిలబడ్డట్టే తినడం మొదలెట్టాయి. మళ్ళీ పావుగంటకి మళ్ళీ ఢాం. మళ్ళీ అంతా ఆ మూలకే. తిన్నదానికంటే తొక్కింది ఎక్కువ.

అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఎవరైనా వెళ్ళి ఆ ఫిరంగి ఆపమని చెప్పొచ్చుగా."

"ఆయనదే ఫిరంగి. ఆయనకే తెలియాలి" అంది తక్కెడమ్మ, ఖాళీ అయిన గుంటలో కొత్త నారు పెట్టి వేళ్ళతో మట్టి నొక్కుతూ.

బుధవారం పదింటికి ప్రెసిడెంటు వచ్చాడు. ఈసారి ట్రాక్టరు మీద కాదు, నడిచి. బూట్లకి బురద, బఠాణీ ఆకులూ అంటుకున్నాయి.

"ఇది బాలేదమ్మా. కావాలని నా చేలోకి తోలుతున్నావు."

"నేనేం తోలడం లేదు. నా తలుపు వేసుకున్నాను. తోలేది మీ ఫిరంగే."

"గట్టు మీద కర్రలు పాతకూడదు. సంఘం రూలు."

"గట్టు అదిగో అక్కడుంది. కర్రలు ఇదిగో ఇక్కడున్నాయి. మధ్యలో రెండు సాళ్ళు నావే. కొలుచుకోండి, టేపు ఇస్తాను."

ఆయన కొలవలేదు. గొంతు తగ్గించాడు. "చూడు, ఒక్క రోజు. రేపు మధ్యాహ్నం దాకా ఆ తాడు విప్పు. తర్వాత నా రోడ్డు పక్క మడి నీకు కౌలుకి ఇప్పిస్తా. నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉంది. ఆదివారం మీరన్న మాట కూడా నమ్మాను. నియమం అందరికీ ఒకటే అన్నారు."

ఆయన మొహం ఎర్రబడింది. వెంటనే ఫోను తీసి, చేని సొంతదారుకి కలిపి, ఆమె చేతిలో పెట్టాడు. సొంతదారు మంచివాడు. ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ళకి మంచివాడు.

"ఎందుకమ్మా పెద్దవాళ్ళతో గొడవ? పీకెయ్యరాదూ" అన్నాడు ఫోన్లో.

"కోత అయ్యేదాకా కౌలు కాగితం ఉందండీ నా దగ్గర. చేను మీదే. చేలో ఉన్న మొక్క నాది. నా మొక్కకి నేను కట్టుకున్న తాడు. మీరు పీకమని రాసివ్వండి, పంట పోతే బాధ్యత మీదని కూడా అందులోనే రాయండి, పీకేస్తాను."

"రాతకోతలెందుకులేమ్మా" అని ఫోను పెట్టేశాడు.

ఆమె ఫోను చెమట తుడిచి మరీ ప్రెసిడెంటుకి తిరిగిచ్చింది. ఆయన వెళ్ళాక మరిది ఊపిరి వదిలాడు. "రేపు ఏమవుతుంది వదినా?"

"రేపు లెక్కపెడతారు. లెక్కకి నేనెప్పుడు భయపడ్డాను?"

కానీ ఆ రోజంతా ఆమె చేను వదిలి ఇంటికి పోలేదు. తాడు వెంట నడుస్తూ ప్రతి ముడీ వేలితో లాగి చూసింది. వదులైన చోట బిగించింది. బయటి రెండు సాళ్ళలో బాతులు ఆమెతో పాటే నడిచాయి, ఆమె ఆగితే ఆగాయి.

*

గురువారం ఆఫీసరు తొమ్మిదింటికల్లా వచ్చాడు. సన్నటి మనిషి, చంకలో చదరపు చెక్క చట్రం. ఒడ్డు రైతులు ఎనిమిది మందీ చేరారు. ప్రెసిడెంటు చొక్కా జేబులో మడిచిన కాగితం తెల్లగా బయటికి కనిపిస్తోంది.

ఆఫీసరు ముందు ఆమె చేలోకే దిగాడు. చూడకుండా చట్రం విసరడం, అది పడినచోట లోపలున్న మొక్కలు లెక్కపెట్టడం, ఆకులు విప్పి మొవ్వు చూడటం. ఆ పద్ధతి చూడగానే తక్కెడమ్మకి అతని మీద గౌరవం కలిగింది. మొవ్వూ ఆకూ తేడా తెలిసినవాడు.

"బయటి రెండు సాళ్ళూ కలపాలి" అన్నాడు ప్రెసిడెంటు.

"కలపండి" అంది ఆమె. "అవీ పోయిన లెక్కలోవే. దాచుకోవడానికేం లేదు."

పది చోట్ల విసిరాక ఆఫీసరు అట్టమీది కాగితంలో రాసుకుని లేచాడు. "మూడోవంతు కంటే తక్కువే పోయింది. కొత్తగా నాటినవి నేను కలపలేదు." తాడు మీద చెయ్యి వేసి మీటి చూశాడు. "ఇది ఎవరి ఆలోచన?"

"బాతులదే సార్" అంది తక్కెడమ్మ. "నడిచొస్తున్నామని అవే చెప్పాయి."

తర్వాత బఠాణీ చేను. అక్కడ అయిదోసారి చట్రం విసిరేసరికే ఆఫీసరు తల అడ్డంగా ఊపడం మొదలెట్టాడు. సరిహద్దు మూలలో నేల గచ్చులా తొక్కేసి ఉంది. పదోసారి కూడా విసిరి, లెక్క చూసి, "సగానికి బాగా మించింది" అన్నాడు. అంతలో ఫిరంగి పేలింది. బాతులు పరుగెత్తుకొచ్చి వాళ్ళ కాళ్ళకి పది అడుగుల్లో ఆగి, దిక్కులు చూశాయి.

ప్రెసిడెంటు జేబులోంచి కాగితం తీశాడు. "నేను ఆల్రెడీ నింపి తెచ్చాను సార్, పొరుగు రైతు సంతకం కూడా..."

ఆఫీసరు విప్పి చూశాడు. "ఇది క్యాబేజీ చేనికి. పొరుగువాడిగా మీరే ముందుగానే సంతకం పెట్టారు. ఇది చెల్లదు." సంచిలోంచి కొత్త కాగితం తీసి, మోకాలి మీద పెట్టుకుని నింపాడు. మేత చేను, మూడేళ్ళు. కింద గీత దగ్గర వేలు పెట్టి, తక్కెడమ్మకి పెన్ను అందించాడు. "ఈ చేనికి ఆనుకుని సాగు చేసేది మీరే. మీరు పెడితే ఇవాళే అయిపోతుంది. పెట్టకపోతే కాగితం ముందుకి కదలదు."

"పెట్టవే" అంది అత్త, వెనకనుంచి నడుములో పొడుస్తూ. "కళ్ళు మూసుకుని పెట్టెయ్."

తక్కెడమ్మ పెన్ను మూత తీసింది. కాగితం మొత్తం చదివింది, వెనక తిప్పి చిన్న అక్షరాలు కూడా చదివింది. ఆమె తొందరపడకపోవడం చూసి ప్రెసిడెంటు ఆమె పక్కకి జరిగాడు.

"నీకేం కావాలో చెప్పు" అన్నాడు మెల్లగా.

"మెల్లగా ఎందుకండీ? ఆదివారం అందరి ముందే మాట్లాడారుగా." ఆమె గొంతు పెంచలేదు. అయినా అందరికీ వినపడింది. "ఇవాళ ఈ గీత మీద సంతకం పెడితే మీ చేను పోతుంది. నాకు సంతోషమే, అబద్ధమెందుకు. కానీ ఈ కాగితం బతికే ఉంటుంది. వచ్చే ఏడు ఇంకెవరి చేనో, ఆ పై ఏడు నాదో. ఫిరంగి మూతి ఎటు తిప్పితే అటు. నాకు ఈ కాగితమే వద్దు. మీటింగు పుస్తకంలో మేత చేను అన్న తీర్మానం మీరే మీ చేత్తో కొట్టెయ్యాలి. ఫిరంగి ఇప్పుడే షెడ్డులోకి పోవాలి. ఒడ్డు మీద ఉన్న ప్రతివాళ్ళూ నీటి పక్క రెండు సాళ్ళు బయటికి వదిలి, లోపల తాడు కట్టుకోవాలి. ఈ నెల్లాళ్ళు అవి ఆ రెండు సాళ్ళ మీదా ఒడ్డు మీదా బతుకుతాయి. రెక్కలొచ్చాక సంగతి అప్పుడు చూసుకుందాం."

ఆదివారం పళ్ళికిలించిన రైతు తల గోక్కున్నాడు. "కింది తాడు ఎంతెత్తున కట్టావు తక్కెడమ్మా?"

"జానెడు. పై తాడు మోకాలెత్తు."

"సరే" అన్నాడు ప్రెసిడెంటు గబగబా. "రెండు సాళ్ళేగా. కొట్టేస్తాను, తీసేస్తాను, వదిలేస్తాను."

"రెండు సాళ్ళు మిగతావాళ్ళకి. మీకు మూడు."

"నాకెందుకు మూడు?"

"అందరి చేల ముందూ ఒడ్డున గడ్డి ఉంది. మీ చేను ముందు లేదు. అక్కడ ఒక సాలంత గట్టు మీరు దున్నేసి బఠాణీ వేసుకున్నారు. రూలంటే గుర్తొచ్చింది, సంఘం గట్టట అది. అది బాతులది కాదు, నాది కాదు, మీది అంతకన్నా కాదు. అది వదిలేశాక మీ రెండు సాళ్ళు."

ఎవరో దగ్గారు. ఆఫీసరు చట్రానికి అంటిన మట్టి గోటితో గీకుతూ నేల చూపులు చూశాడు.

ప్రెసిడెంటు మిగతా రైతుల మొహాలు ఒక్కొక్కటిగా చూశాడు. ఎక్కడా ఆసరా దొరకలేదు. అప్పుడు సరిహద్దులో మిగిలిపడున్న ఊతకర్రలు కొన్ని చంకన పెట్టుకుని, నీటి అంచుకి వెళ్ళి, అక్కడ నుంచి లోపలికి నడవడం మొదలెట్టాడు. మొదటి సాలు దాటాడు. రెండో సాలు దాటాడు. అక్కడ ఆగి, కర్ర మొన నేలకి ఆనించి, వెనక్కి తిరిగి చూశాడు.

తక్కెడమ్మ కాగితం ఎడమ అరచేతిలో పరుచుకుని నిలబడి ఉంది. పెన్ను ములుకు గీతకి వెంట్రుకవాసి ఎత్తులో ఉంది.

ఆయన కర్ర పైకెత్తాడు. ఇంకో అడుగు లోపలికి వేసి, మూడో సాలు దాటి, అక్కడ పాతాడు.

ఆమె పెన్నుకి మూత పెట్టింది.